నంది హిల్స్ సరే, మా తొమ్మిది నందుల సంగతేంటి?

బెంగుళూరులో సాఫ్ట్‌వేరు పని చేసే తెలుగువాళ్ళు పదిమంది ఒకచోట చేరితే అందులో ఇద్దరికైనా గేరు సైకిలుంటుంది. ఆ ఇద్దరిలో ఒకడు ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి, నంది హిల్స్ ఎక్కి దిగి, సోమవారం ఆఫీసులో కాఫీ మెషీను దగ్గర మిగతా తొమ్మిదిమందికీ ఆ కథ చెప్తాడు. మా టీములో ఆ ఒకణ్ణి నేనే. కాబట్టి ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం తిట్లు నాకే తగుల్తాయని ముందే ఒప్పేసుకుంటున్నా :-)

పోయిన డిసెంబర్లో మా సైకిల్ బ్యాచ్‌ని మా ఊరికి తీసుకెళ్ళాను. నంద్యాల నుంచి మహానంది పోయే రోడ్డు మీద బస్సు ఆగే ఒక చిన్న ఊరు మాది. నాతో కలిపి అయిదుగురం. సైకిళ్ళ చక్రాలు ఊడదీసి, దుప్పట్లలో చుట్టి, రాత్రి బస్సు డిక్కీలో పడేసి తెచ్చుకున్నాం. ఊళ్ళో దిగేసరికి మా వీధి పిల్లలంతా మూగారు. "అన్నా, ఇది ఎంతన్నా?" అని ఒకడడిగాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. నా సైకిలు ఖరీదు పెడితే మా నాయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయనకు నాలుగేళ్ళ జీతం వచ్చేది మరి.

ఇంతకీ మేమెందుకు వెళ్ళామంటే, నల్లమల ఘాట్ తొక్కడానికి. మ్యాపు తెరిచి చూసిన ఏ సైకిలిస్టుకైనా నోరూరుతుంది. పడమర ఎర్రమల, తూర్పున నల్లమల, రెంటి మధ్యా కుందూ నది పారే నల్లరేగడి నేల. నంద్యాల ఆ మైదానంలో ఉంది. అక్కణ్ణుంచి గిద్దలూరు వైపు పోయే రోడ్డు గాజులపల్లె దాటాక అడివిలోకి దూరుతుంది. పచ్చర్ల, దిగువమెట్ట మీదుగా మెలికలు తిరుగుతూ కొండ దాటి గిద్దలూరులో తేలుతుంది. పక్కనే గుంటూరు రైలు మార్గం. 1880ల్లో తెల్లవాళ్ళు మీటర్ గేజ్‌గా వేసిన లైను అది. చిన్నప్పుడు గుంటూరు పోయేటప్పుడు కిటికీ దగ్గర సీటు కోసం మా చెల్లితో కొట్టుకున్నది ఈ అడివి కోసమే.

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు, పేరెందుకులెండి. స్ట్రావాలో ఎక్కడ ఎక్కుడు కనబడితే అక్కడ తన పేరు పైన ఉండాలి వాడికి. నంది హిల్స్‌లో జనం ఎక్కువైపోయి వాడి ర్యాంకు ఎప్పుడో కిందకు జారిపోయింది. నల్లమల ఘాట్‌లో పోటీ ఉండదని వాడి ఆశ. వాడి ప్లాను ఏంటంటే, ముందు మేం అయిదుగురం పోయి రూటు 'రెక్కీ' చెయ్యాలి. బాగుంటే ఫిబ్రవరిలో నలభైమందితో ఈవెంటు పెట్టాలి. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి జనం వస్తారు, టీ షర్టులు, మెడళ్ళు, వెనకాల సపోర్టు కార్లు... ఇదంతా విని నేనూ తల ఊపాను. మా ఊరి పేరు నలుగురి నోళ్ళలో పడుతుందంటే ఎవరికి చేదు?

రాత్రి అన్నాలు తింటూ ఈ సంగతి మా నాయన చెవిన వేశాను. తెల్లారి అయిదుకల్లా బయల్దేరతాం అన్నాను.

"అయిదుకా? యాడికి?"

"గిద్దలూరు రోడ్డుకు నాయనా. ఘాట్ ఎక్కి వచ్చేస్తాం."

"పొద్దెక్కినాక పోండి."

"ఎండ పడుతుంది నాయనా. ట్రాఫిక్ కూడా..."

"ఒరే, రోడ్డు మనదే. ఆ టయిములో మాత్రం మనది కాదు."

అంతకుమించి ఆయనేం అనలేదు. నేనూ వినలేదు. వినుంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

అయిదింటికి బయల్దేరాం. చలి బాగానే ఉంది. ముందు లైటు వెలుతురు ఎంత పడుతుందో అంతే ప్రపంచం. అడివి మొదలైన కాసేపటికి వెనకనుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఎదురుగా ఇంకోటి. రెండూ ఒకదాన్నొకటి దాటుకునేసరికి మా అయిదుగురిలో చివరివాడు రోడ్డు దిగి కంకరలో పడ్డాడు. మోకాలు గీరుకుంది. మొదటి పాఠం అది. ఇది గుంటూరు వైపు పోయే హైవే. సరుకు లారీలకు మలుపుల దగ్గర తమ వెడల్పే చాలదు, ఇక సైకిలుకు చోటెక్కడిది?

వాణ్ణి లేపి మళ్ళీ ఎక్కించాం. ఇంకాస్త పైకి వెళ్ళాక, ఎదురుగా దిగొస్తున్న లారీ ఒకటి లైట్లు ఆర్పి వెలిగించి మా ముందు ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమయ్యా, మతి ఉండే వచ్చారా? వెనక మలుపులో చిరుత రోడ్డు దాటింది ఇప్పుడే. లారీ పక్కకు రండి" అని అరిచాడు. మేం చూళ్ళేదు. ఆయన చూశాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకేముంది? ఇరవై నిమిషాలు లారీని రోడ్డు వారగా పెట్టి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, మమ్మల్ని లారీకి ఆనుకుని నిలబెట్టాడు. వెలుతురు వచ్చాక, "ఇక వెనక్కి పోండి" అన్నాడు. పేరడిగితే చెప్పలేదు. నేను చెయ్యి జోడిస్తే, "ఆ సైకిల్ తొక్కేదేదో ఊళ్ళో తొక్కరాదూ" అనేసి పోయాడు.

అయిదుగురం నోరెత్తకుండా దిగొచ్చాం. స్ట్రావా వీరుడు కూడా.

ఆ దిగుడులోనే నాకు 2024 జూన్ గుర్తొచ్చింది. ఆ వేసవిలో మహానంది గుడి పరిసరాల్లో చిరుత తిరుగుతోందని రోజూ వార్తలు వచ్చాయి. అదే నెలలో, మేం తొక్కబోయిన ఈ రోడ్డు మీద ఉన్న పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక ఆడమనిషి ప్రాణం పోయింది. అప్పుడు నేను బెంగుళూరులో ఫోన్లో చదివి, ఇంటికి ఫోను చేసి 'జాగ్రత్త' అని చెప్పినవాణ్ణే. ఏడాదిన్నర తిరక్కుండానే నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని చీకట్లో అదే అడివిలోకి పోయాను. ఇంజనీరింగు చదువు దేనికి పనికొచ్చినట్టు?

సైకిలు చప్పుడు చెయ్యదు. సిటీలో మనకు అదే ఇష్టం. అడివిలో అదే ప్రమాదం. లారీ వస్తుంటే జంతువుకు అర కిలోమీటరు ముందే తెలుస్తుంది, తప్పుకుంటుంది. మనం మలుపు తిరిగేదాకా దానికి తెలీదు, మనకూ తెలీదు. పైగా హ్యాండిల్ మీదకు వంగి తొక్కేవాడు చిరుత కంటికి రెండు కాళ్ళ మనిషిలా కనపడడు. తెల్లవారుజాము, మునిమాపు వేళ అది వేటకు తిరిగే సమయం. సైకిలిస్టులకు ముద్దొచ్చేవీ సరిగ్గా ఆ రెండు వేళలే.

"పబ్లిక్ రోడ్డు కదా, ఎవడాపుతాడు?" అని మా వాళ్ళలో ఒకడు తర్వాత వాదించాడు. నిజమే, ఎవరూ ఆపరు. కానీ ఇదే నల్లమలలో కాస్త ఉత్తరానికి వెళ్తే హైదరాబాదు-శ్రీశైలం రోడ్డుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళనే ఆపుతారు. ఎందుకంటే అది పులుల అడివి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు ముక్క అమ్రాబాద్ అయింది. మా నంద్యాల వైపు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. జంతువులకు ఈ గీతలు తెలీవు. ఒక రోడ్డు మీద గేటుంది, ఇంకో రోడ్డు మీద లేదు. అంతమాత్రాన గేటు లేనిచోట పులికి హక్కు లేదని కాదు కదా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లారీలూ కార్లూ చేసే చేటుతో పోలిస్తే అయిదు సైకిళ్ళు అడివికి చేసే హాని ఏపాటిది? ఏమీ లేదు. పగటిపూట, ఇద్దరు ముగ్గురు, నిదానంగా, ఎండెక్కాక బయల్దేరి మూడు నాలుగింటికల్లా బయటపడితే నాకు అభ్యంతరం లేదు. నా గొడవ ఈవెంటుతో. నలభైమంది సైకిలిస్టులంటే వెనక పది కార్లు, అరటిపళ్ళ తొక్కలు, జెల్ ప్యాకెట్లు, అక్కడక్కడా ఆగి సెల్ఫీలు, పడేసిన తిండికి చేరే కోతులు, డ్రోను ఒకటి. పైగా రూటు ఒకసారి నెట్లో పడితే మనం గీసిన గీత మన చేతిలో ఉండదు. 'ఈ దిగుడు ఫలానావాడు ఇన్ని నిమిషాల్లో దిగాడు' అని ఒక పట్టిక తయారైతే, వచ్చే ఏడు ఎవడో ఒక కుర్రాడు దాన్ని ఒక్క సెకనుకైనా కొట్టాలని బ్రేకు పట్టకుండా వస్తాడు. ఎదురుగా లారీ ఉంటుంది.

నంది హిల్స్‌కి ఏమైందో మనం చూడలేదా? 1,478 మీటర్ల కొండ, టిప్పు సుల్తాను వేసవి విడిది, బెంగుళూరుకి అరవై కిలోమీటర్లు. సూర్యోదయం చూడ్డానికని శని ఆదివారాలు చీకట్లోనే కార్లు బారులు తీరతాయి. వాటి పొగ పీల్చుకుంటూ మనం ఎక్కుతాం, ఎక్కి 'ప్రకృతి ఒడిలో' అని ఫోటో పెడతాం. నేనూ పెట్టాను. అదే మోడల్ని తెచ్చి నల్లమలలో కాపీ పేస్టు చేద్దామంటే నాకు ఇప్పుడు మనసొప్పడం లేదు.

సరే, మరి ఏం చెయ్యాలి? సైకిళ్ళు అంత దూరం మోసుకొచ్చి ఊరికే కూర్చోలేం కదా. మర్నాటికి రూటు మా నాయనే చెప్పాడు. అసలు అది రూటని నాకు ఇరవై ఏడేళ్ళు తట్టలేదు.

నవనందులు!

కార్తీకమాసంలో మా వైపు జనం ఒకే రోజులో, పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దుగూకేలోగా, తొమ్మిది నందుల్నీ చూసొస్తారు. ప్రథమనంది, నాగనంది, సోమనంది - ఈ మూడూ నంద్యాల టౌన్లోనే. మహానంది రోడ్డు పట్టుకుంటే దారిలో సూర్యనంది. తర్వాత మహానంది, దాని పక్కనే వినాయకనంది, గరుడనంది. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, తెలుగుగంగ కాలవ వైపు లోపలికి కృష్ణనంది, దీన్నే విష్ణునంది అని కూడా అంటారు. ఆఖర్న బండి ఆత్మకూరు వైపు కడమలకాలవ దగ్గర శివనంది. అక్కణ్ణుంచి చుట్టు తిరిగి మళ్ళీ నంద్యాల. మా మీటర్లలో మొత్తం అరవైకి కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఎవరు ఏ కాలంలో పెట్టారో గానీ ఇంతకన్నా మంచి సైకిల్ రూటు నేను ఇంతవరకూ తొక్కలేదు.

ఎందుకంటారా? ఒక్కటొక్కటే చెప్తాను.

మొదటిది, కొండ ఎప్పుడూ కుడిపక్కనో ఎడంపక్కనో కనబడుతూనే ఉంటుంది. అడివిని చూడ్డానికి అడివిలోకే దూరనక్కర్లేదు. పొద్దున ఏడున్నరకు నల్లమల మీద మంచు విడిపోతుంటే అరటితోటల మీదుగా చూస్తూ తొక్కడం ఉంది చూడండి, అది ఘాట్ ఎక్కేవాడికి దొరకదు. ఎక్కేవాడికి ముందు చక్రం తప్ప ఏం కనబడుతుంది?

రెండోది నీళ్ళు. వేసవిలో టీవీలో రాష్ట్రంలోని ఎండల పట్టిక వస్తే మా నంద్యాల పేరు పైవరసలో ఉంటుంది. అలాంటి చోట మహానందిలో కొండ అడుగునుంచి ఊట ఏడాది పొడుగునా ఒకే తీరున వస్తుంది. గుళ్ళో కోనేటి అడుగున సూది పడినా కనబడేంత తేట. ఆ నీళ్ళు అక్కడితో ఆగిపోవు. బయటికి పారి సుమారు రెండు వేల ఎకరాలు తడుపుతాయంటారు. మహానంది అరటి ఆ నీళ్ళ చలవే. అయిదుగురం కోనేట్లో మునిగి, బయటికొచ్చి తలా ఆరు అరటిపళ్ళు తిన్నాం. బెంగుళూరులో నూటయాభై పెట్టి కొనే ఎనర్జీ బార్లు బ్యాగులో అలాగే ఉండిపోయాయి.

మూడోది, తొమ్మిది చోట్ల ఆగాలి. ఆగకుండా తొక్కేవాడికి ఇది పనికిరాదు. రాండొనేరింగు చేసేవాళ్ళకు తెలుసు, రెండొందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, మధ్యలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. నేనూ రెండుసార్లు చేశాను, తప్పుపట్టను. కానీ నవనందుల్లో ఆగిన చోటల్లా ముద్ర బదులు మనుషులుంటారు. సూర్యనంది దగ్గర ఒక పెద్దాయన మా సైకిళ్ళు చూసి, "క్యారేజీ లేదేందప్పా, మరి గడ్డిమోపు యాడ పెడతారు?" అనడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు :-)

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ రోడ్డు మీద సైకిళ్ళు ఇప్పటికే ఉన్నాయి. పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు, అరటిగెలలు రెండువైపులా వేలాడేసుకుని పోయేవాళ్ళు, బడికి పోయే ఆడపిల్లలు. వాళ్ళెవరూ స్ట్రావాలో ఉండరు. హెల్మెట్లుండవు. వెనక లైటు మాట దేవుడెరుగు, రిఫ్లెక్టరు కూడా ఊడిపోయి ఉంటుంది.

వాళ్ళలో మా నాయన ఒకడు. నంద్యాలలో ఎరువుల కొట్లో గుమాస్తా. రోజూ పోనూ రానూ ఇరవై కిలోమీటర్ల పైన, పాతికేళ్ళు. అడ్డకడ్డీ మీద టవలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని మహానంది తిరణాలకు తీసుకుపోయేవాడు. ఆయన దగ్గర నేను కత్తెర తొక్కుడు నేర్చుకున్నది ఈ రోడ్డు మీదే. 2019లో, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, ఒక కార్తీక సోమవారం సాయంత్రం కొట్టు కట్టేసి వస్తుంటే వెనకనుంచి ఒక కారు తగిలింది. దర్శనానికి వచ్చిన కారో, ఇంకెవరిదో. ఆగలేదు. భుజం ఎముక విరిగింది. మూడు నెలలు మంచం. ఆ తర్వాత ఆయన సైకిలెక్కలేదు. ఇప్పటికీ అది పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉంటుంది. నేను కొత్త సైకిలు కొన్న రోజు ఫోటో పంపిస్తే, "బాగుంది, జాగ్రత్త" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు అర్థమైందా నా బాధేంటో? మనం 'సైకిల్ రూట్లు' అని మాట్లాడేటప్పుడు మన బుర్రలో ఉండేది మన సైకిలే. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. పైన సోలార్ కప్పు కూడా ఉంది. మంచిదే, నేను కాదనను, వెళ్ళినప్పుడు తొక్కి ఆనందించాను కూడా. దాంట్లో పదో వంతు బుద్ధి నంద్యాల-మహానంది పదిహేను కిలోమీటర్ల మీద పెడితే చాలు. కప్పులూ అవీ ఏమొద్దు. తారు అంచుకు అవతల నాలుగైదు అడుగులు గట్టి అంచు వేసి తెల్లగీత కొడితే చాలు. ఇప్పుడు ఆ అంచు ఎలా ఉందంటే, తారు ఉన్నట్టుండి జానెడు కిందకు తెగిపోతుంది, దాని పక్కన సర్కారు తుమ్మ కంపలు. దిగితే పల్లేరుకాయలు గుచ్చుకుని పంక్చరు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లూ మొక్కజొన్నలూ ఆరబోసుంటారు. రైతును తప్పుపట్టలేం, కళ్ళాలు లేవు మరి. ఇక సైకిలువాడు పోవాల్సింది కారు ముందునుంచే.

కాలిఫోర్నియాలో ఉండే నా క్లాసుమేట్ ఒకడు ఆదివారాలు స్కైలైన్ రోడ్డు మీద రెడ్‌వుడ్ చెట్ల మధ్య తొక్కుతాడు. సిలికాన్ వ్యాలీ పక్కనే కొండ, కొండ నిండా అడివి. వాడు పంపే ఫోటోలు చూసి కుళ్ళుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను, భయం వెయ్యదా అని. 2014 సెప్టెంబరు నుంచి అక్కడ చట్టం ఉందట, సైకిలును దాటే కారు మూడడుగుల దూరం వదలాలి. అందరూ పాటిస్తారా అంటే లేదన్నాడు. కానీ వదలనివాడిది తప్పు అని అందరికీ తెలుసన్నాడు. మన దగ్గర తేడా అక్కడే. మా నాయన పడిపోయినప్పుడు ఊళ్ళో సగంమంది అన్న మాట ఏంటో తెలుసా? "ఈ వయసులో సైకిలెందుకు? బండి కొనుక్కోరాదా?" తప్పు సైకిలుదైపోయింది.

అందుకే నా అభిప్రాయం ఇది. నచ్చకపోతే తిట్టండి.

ఒకటి. నంద్యాల-గిద్దలూరు ఘాట్‌ని ఈవెంటు రూటు చెయ్యొద్దు. పోవాలనిపిస్తే పగలు, తక్కువమంది, సపోర్టు కార్లు లేకుండా పోండి. అక్కడి ఎక్కుడు దిగుళ్ళను సెగ్మెంట్లుగా పెట్టి పందేలు కాయొద్దు. మా వీరుడు పెట్టిన సెగ్మెంటుని నేను బతిమాలి తీయించాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నిజమేలేరా, ఆ లారీ ఆయన లేకపోతే..." అని ఆగిపోయాడు.

రెండు. నవనందుల చుట్టు తొక్కండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి మాత్రం వద్దు. ఆ రోజులు భక్తులవి, మనం అడ్డం పోకూడదు. పొద్దు పొడిచాకే బయల్దేరండి, కృష్ణనంది లాంటి అడివి అంచు చోట్లకు పదీ పదకొండు ప్రాంతంలో వెళ్ళొచ్చేయండి. రెండు ట్యూబులు ఎక్కువ పెట్టుకోండి, మా తుమ్మముళ్ళ సంగతి మీకు తెలీదు. తిండి మోసుకెళ్ళకండి, అక్కడే కొనండి. పంక్చరైతే ఊళ్ళో షాపులోనే వేయించండి. మా అయిదుగురికీ కలిపి మూడు పంక్చర్లయితే, వేసిన కుర్రాడు గేరు సైకిలు వెనక చక్రం ఎలా ఊడదీయాలో రెండోసారికే నేర్చేసుకున్నాడు.

మూడు. గుడికొచ్చే జనం ఎక్కువుండే ఆ రోజుల్లో మహానంది రోడ్డు మీద కార్ల వేగం తగ్గించే ఏర్పాటు ఉండాలి. రోడ్డు అంచు గట్టిపడాలి. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది, కలెక్టరు కర్నూల్లో ఉండే రోజులు పోయాయి. అర్జీ పట్టుకుని పోవడానికి పదిహేను కిలోమీటర్లే. నేను రాశాను. మా ఊరివాళ్ళు ముప్పైరెండుమంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. మొదటి సంతకం పాలాయనది, ఆఖరుది తొమ్మిదో తరగతి పిల్లది. ఇచ్చి రెండు నెలలైంది, ఇంకా ఏమీ జరగలేదు. జరగదని మీరు అంటారేమో. కోడ్ రివ్యూకి పెట్టి రెండు నెలలు ఎదురుచూసిన అనుభవం మనకు లేదా ఏంటి :-) మళ్ళీ పింగ్ చేస్తాను.

ఇదంతా విని ఒక మిత్రుడు, "నువ్వు సైకిలిస్టువా, సైకిలిస్టులకు శత్రువువా?" అని అడిగాడు. నేను చెప్పేది ఒక్కటే. సైకిలు తొక్కితే ఏ చోటైనా మనదైపోతుందన్న భ్రమ మనలో ఉంది. పెట్రోలు పొయ్యం, పొగ వదలం, కాబట్టి మనం పుణ్యాత్ములం అనుకుంటాం. అడివిలో ఆ పుణ్యం చెల్లదు. అక్కడ మనం అతిథులం, వేళ చూసుకుని పోవాలి. ఊరి రోడ్డు మీద మాత్రం మనం అతిథులం కాం. పాలాయనకూ, బడిపిల్లకూ, మా నాయనకూ ఉన్నంత హక్కు ఉంది, వాళ్ళకు లేనంత నోరు కూడా ఉంది. ఆ నోరు ర్యాంకుల కోసం కాకుండా వాళ్ళ రోడ్డంచు కోసం వాడితే బాగుంటుందని నా ఆశ.

బయల్దేరే రోజు పొద్దున కొట్టంలోకి వెళ్ళి నాయన సైకిలు బయటికి తీశాను. టైర్లు ఎండి పగిలిపోయాయి, చైను తుప్పు. పంక్చర్ షాపు కుర్రాడికిచ్చి, టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు మార్పించి, వెనక పెద్ద ఎర్ర రిఫ్లెక్టరు బిగించమన్నాను. మొత్తం పద్నాలుగొందలైంది. నా సైకిలు ముందు లైటు ఖరీదు అంతకన్నా ఎక్కువ. నాయన చూసి ఏమీ అనలేదు. బ్రేకు రెండుసార్లు నొక్కి చూశాడు, బెల్లు కొట్టాడు, మళ్ళీ గోడకు ఆనించాడు.

పోయిన వారం అమ్మ ఫోన్లో చెప్పింది, పొద్దున్నే చేను దాకా సైకిలు మీదే పోతున్నాడట. మెయిన్ రోడ్డు మాత్రం ఎక్కడం లేదట.

మీ ఊళ్ళోనూ ఇలాంటి చుట్టు ఒకటి ఉండే ఉంటుంది. గుళ్ళదో, చెరువులదో, సంతలదో. పెద్దవాళ్ళనడిగి చూడండి. తొక్కొచ్చాక ఎన్ని కిలోమీటర్లు అని కాదు, దారిలో ఎవరు కలిశారో రాయండి.